వెనక సస్పెన్షన్, ముందు సస్పెన్షన్

దబీర్‌పురా, హైదరాబాద్
8 డిసెంబర్ 2024

రాజమణి అక్కకు,

ఫోన్ చేస్తే పెట్టేస్తావు, ఉత్తరం రాయకపోతే తిడతావు. ఊరి పోస్టాఫీసు సంచి ఖాళీగా రాకూడదని సొంత తోడబుట్టినవాళ్ల మీద నెలకో ఉత్తరం పన్ను వేసిన పోస్ట్‌మాస్టరు దేశం మొత్తంలో నువ్వొక్కదానివే అయ్యుంటావు. ఇదిగో ఈ నెల పన్ను.

ఇక్కడ అందరం క్షేమమే. స్వరూప మాత్రం నా మీద అలిగింది. ఎందుకంటే నేనూ నర్సింహన్నా కలిసి ఒక కారు కొన్నాం.

నర్సింహన్నను నువ్వు చూడలేదు. నా బస్సు డ్రైవరు. నేను కండక్టరుగా చేరిన రోజు నుంచీ స్టీరింగు ఆయనది, విజిలు నాది. చార్మినార్, అఫ్జల్‌గంజ్, మదన్నపేట తిరిగే మా రూటులో మూడో గేరు పడితే ఆ రోజు మాకు పండుగ. ఫిబ్రవరి ఆఖరుకు రిటైరైపోయి, కూతురు స్రవ్య దగ్గరికి షోలాపూర్ వెళ్లిపోతాడు. ఒకరోజు అఫ్జల్‌గంజ్‌లో చాయ్ తాగుతూ అన్నాడు: "బాలరాజ్, ముప్పై ఏండ్ల సంది బండి తోలుతున్న. ముంగట ఎవ్వలు లేని రోడ్డు ఒక్కసారన్న చూడలే. ఆటో, అది కాకుంటే తోపుడుబండి, అదీ కాకుంటే బర్రె. గిట్లనే దిగిపోత గావచ్చు."

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు అక్కా. ఆ కోరిక తీర్చకుండా ఆయన్ను పంపకూడదని నిశ్చయించుకున్నాను.

ఫిబ్రవరి పదహారు, ఆదివారం, వికారాబాద్ అవతల మట్టిరోడ్ల మీద కార్ల ర్యాలీ ఉంది. జెండాలు పట్టుకుని తిరిగే ర్యాలీ కాదు. సరదా మనుషుల పోటీ. కార్లను ఒక్కొక్కటిగా, మధ్యలో బాగా ఎడం ఇచ్చి వదులుతారు. అంటే ముందర ఎవరూ ఉండరు! ఒకరు నడపాలి, పక్కన కూర్చున్నవాడు కాగితం చూసి మలుపులు చెప్పాలి. మేం రోజూ చేసేదే కదా?

మా కారు పాత మారుతి. ఇంతకుముందు లాడ్ బజార్‌లో ఒక గాజుల దుకాణం సేటు దాంట్లో గాజుల పెట్టెలు మోసేవాడు. ఇప్పటికీ ఎక్కడ చెయ్యి పెట్టినా తళుకులు అంటుకుంటాయి. డ్యూటీకి మెరుస్తూ వెళ్తున్నాను. మదన్నపేట మార్కెట్ వెనకున్న మెకానిక్ జగదీశ్వర్ దాని పని ఒప్పుకున్నాడు. "కొత్త సామాన్లు కొనే మొఖాలు కావు మనయి. ముందుగాల బరువు తీయాలె. ఫుకట్ల వచ్చే జోరు గదొక్కటే" అని వెనక సీటు, కార్పెట్టు, తలుపుల అట్టలు అన్నీ పీకేశాడు. వెనక సీటు మా ముందరి గదిలో సోఫా అయింది. స్వరూప అలక సగం దాని మీద కూర్చునే సాగుతోంది.

ఇక ఇంజనుకు బోరు చేయించాలి. బావకు నమస్కారాలు.

నీ తమ్ముడు
బాలరాజ్

*

నాగులవాగు (బోధన్ దగ్గర)
16 డిసెంబర్ 2024

తమ్మీ,

పన్ను అందింది. నా చేత్తోనే ముద్ర కొట్టి, నా పేరు నేనే పిలుచుకుని, నాకు నేనే అందజేసుకున్నాను. మీ బావ నవ్వాడు. నవ్వనీ, ఆయన మోకాళ్ల నొప్పి మందులు వచ్చేది కూడా ఈ సంచిలోనే.

కారు కడగడానికి బోరెందుకురా? రెండు బిందెలు చాలవా? ఆ గల్లీలో బోరు బండి ఎక్కడ తిరుగుతుంది? నీళ్లు పడకపోతే వాడకట్టు వాడకట్టంతా నీ మీద పడుతుంది.

నర్సింహన్న సంగతి చదివి మనసు కరిగింది. ఆయన కోరిక ధర్మమైనది, తీర్చు. కానీ పెద్దదాన్ని కాబట్టి ఒక మాట. ఇంజను గింజను తర్వాత, ముందు సస్పెన్షన్ గురించి ఆలోచించు. అందరూ జోరే చూసుకుంటారు, సస్పెన్షన్ గుర్తుండదు. తీరా దెబ్బ తగిలాక నడుం విరుగుతుంది. ఆ పెద్దమనిషి ఈ వయసులో సస్పెన్షన్ దెబ్బకు తట్టుకోలేడు.

స్వరూపను ఏడిపించకు. ఆ సీటు మీద మంచి గుడ్డ ఒకటి కప్పించు.

మీ అక్క
రాజమణి

*

దబీర్‌పురా
27 డిసెంబర్ 2024

అక్కయ్యా, గురువు గారూ,

ఇన్నాళ్లూ నువ్వు స్టాంపులు అమ్ముకునే మనిషివనుకున్నాను. నీకు ఇంత తెలుసా! నువ్వు రాసింది జగదీశ్వర్‌కు చదివి వినిపిస్తే చేతిలో పానా పక్కన పెట్టేసి, "మీ అక్క ఏ గ్యారేజీల పని నేర్చింది భాయ్?" అని అడిగాడు. వెంటనే ఇంజను పక్కన పెట్టి సస్పెన్షన్ మీద పడ్డాం.

శుభవార్త ఏమిటంటే వెనక సస్పెన్షన్ అయిపోయింది. ముందు సస్పెన్షన్ ఇంకా ఉంది, కొత్త సంవత్సరంలో. వెనకదాని కన్నా ముందుదే కష్టమట. "కొంచెం గట్టిగుంటెనే మంచిది, మెత్తగుంటె మునుగుతరు" అంటున్నాడు జగదీశ్వర్. నర్సింహన్నకు కొంచెం భయంగానే ఉంది గానీ నేను ధైర్యం చెబుతున్నాను.

డిపోలో కారు సంగతి ఎవరికీ తెలియదు. మొన్న ఇద్దరం జ్వరమని సెలవు రాసిచ్చి రోజంతా మదన్నపేటలోనే ఉన్నాం. ఇది నీ కడుపులో పెట్టుకో.

ఈ ఉత్తరం స్టాపు స్టాపుకూ రాస్తున్నాను. అక్షరాలు ఎగిరితే రోడ్డును తిట్టు. బోరు నీళ్లకు కాదు, సిలిండరుకు. ఇక టర్మినల్ వచ్చేసింది, దిగమని అరవాలి.

బాలరాజ్

*

నాగులవాగు
3 జనవరి 2025

బాలరాజూ,

నీ ఉత్తరం చదివి ముద్ర కొట్టే సిరాలో చెయ్యి పెట్టేశాను. ఇంకా నల్లగానే ఉంది.

వెనక ఒక సస్పెన్షన్ అయిపోయిందా? ముందు ఇంకొకటి ఉందా? అదేదో పెళ్లికి ముహూర్తం కుదిరినట్టు శుభవార్త అని రాస్తావా? చెప్పానా లేదా, డ్యూటీ చేసేవాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకోవాలని! అమ్మ చచ్చిపోయేముందు "రాజమణీ, చిన్నోడు పదిలం" అంది. నువ్వేమో జ్వరమని అబద్ధం రాసిచ్చి కార్ల వెంట తిరిగి ఉద్యోగం మీదికి తెచ్చుకున్నావు.

నా నియమం పక్కన పెట్టి ఫోన్ చేశాను. స్వరూప ఎత్తింది. ఆ పిల్లకు నువ్వు చెప్పావో లేదో తెలియక చింతకాయ తొక్కు గురించి మాట్లాడుతుంటే తనే బయటపడింది: "ఏం జెప్పాలె వదినా, పొద్దుమాపు సస్పెన్షన్ లొల్లే. అన్నం ముంగట గూసున్నా గదే, పండుకున్నా గదే. నాకైతే యాష్టకొచ్చింది." పాపం, ఎంత నిబ్బరంగా చెప్పిందో! ధైర్యంగా ఉండు బిడ్డా అన్నాను. 

అందుకని అక్కగా చేయాల్సింది చేశాను. మీ డిపో మేనేజరు గారికి రిజిస్టర్ ఉత్తరం పంపాను. అన్నీ వినయంగానే రాశాను: "అయ్యా, మా తమ్ముడు బాలరాజ్ వెనకటి సస్పెన్షన్ అనుభవించాడు. ముందు మరొకటి ఉందని తెలిసి కుటుంబమంతా కుంగిపోయాం. జ్వరం సెలవులో కారు పని చేయించుకున్నది వాస్తవమే. పిల్లతనం. కానీ ఆ డ్రైవరు నర్సింహ గారు రిటైరయ్యే మనిషి. దయచేసి ఇద్దరి సస్పెన్షన్ ఎత్తివేయగలరు." కింద నా హోదా రాసి ముద్ర కూడా వేశాను.

ఫికర్ చేయకు. పోస్టాఫీసు ముద్ర ఉన్న కాగితాన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోరు.

అక్క

*

దబీర్‌పురా
4 జనవరి 2025

రాజమణి అక్కకు,

నీ దగ్గరి నుంచి జవాబు రాకముందే రాస్తున్నాను, సంతోషం ఆగక.

సస్పెన్షన్ ఎత్తించేశాం! వెనకదీ ముందుదీ రెండూ. ఇక మా ఇద్దరికీ ఏ బాధా లేదు. కాకపోతే పని జరుగుతుంటే హెడ్డు వంకరగా ఉందని బయటపడింది. జగదీశ్వర్ తీసుకుపోయి బాగా రుద్దించి సాపు చేయించాడు. ఇప్పుడు బుద్ధిగా కూర్చుంది.

ఇంకో తమాషా. కార్బురేటర్‌లో పెట్రోలు పారే చిన్న ఇత్తడి ముక్క ఉంటుంది, దానికి సన్నని రంధ్రం. అది వెంట్రుకంత పెద్దదైతే ఇంజను ఇంకాస్త ఊపిరి తీస్తుందట. లేత్ మిషను వాళ్లు మాతో కాదన్నారు. నర్సింహన్నకు ఉపాయం తోచింది. మా బస్సులో రోజూ వచ్చే ఒక పెద్దాయన చార్మినార్ దగ్గర ముత్యాలకు రంధ్రాలు వేస్తాడు. ఆయన దగ్గరికి తీసుకుపోయాం. కళ్లద్దం పెట్టుకుని అటూ ఇటూ తిప్పి, "యే కౌన్‌సా మోతీ హై మియాఁ?" అన్నాడు. ఇదేం ముత్యమని అడిగితే, కారు మోతీ అన్నాం. నవ్వుకుంటూ చేసిచ్చాడు. ఇప్పుడు ఇంజను చప్పుడు వింటే స్వరూప కూడా కిటికీలోంచి చూస్తోంది, తిట్టడానికే అయినా.

ఉంటాను అక్కా, నీ ఆశీర్వాదం వల్లే.

బాలరాజ్

*

నాగులవాగు
9 జనవరి 2025

తమ్మీ,

కార్డు ముక్క చాలు ఈ సంతోషానికి. ఎత్తేశారా! నా రిజిస్టరు చేరకముందే ఎత్తేశారంటే పైన దేవుడున్నాడు. మీ హెడ్డు వంకర మనిషని నేను మొదటే అనుకున్నాను. అతన్ని రుద్ది సాపు చేయించాడంటే ఆ జగదీశ్వర్ మెకానిక్ అయినా మస్తు పలుకుబడి ఉన్నవాడే. మైసమ్మకు కొబ్బరికాయ కొట్టాను. ఇకనైనా బుద్ధిగా ఉండు.

అక్క

*

దబీర్‌పురా
13 జనవరి 2025

అక్కా,

సస్పెన్షన్ అంటే కారు స్ప్రింగులు! కారుకు వెనక రెండు చక్రాల దగ్గర ఉండేది వెనక సస్పెన్షన్. ముందు చక్రాల దగ్గరిది ముందు సస్పెన్షన్. ఎత్తించడమంటే గుంతల్లో కడుపు తగలకుండా కారును కొంచెం పైకి లేపడం. హెడ్డు అంటే ఇంజను మీది మూత. నన్ను ఎవరూ సస్పెండ్ చేయలేదు. చేయలేదు అనడం కన్నా, నీ రిజిస్టర్ ఉత్తరం వచ్చేదాకా ఆ ఆలోచనే ఎవరికీ రాలేదు అనాలి.

శుక్రవారం మేనేజరు సారు ఇద్దరినీ పిలిచాడు. ముందర నీ ఉత్తరం, దాని మీద నీ ముద్ర.

"బాలరాజ్, నిన్ను నేనెప్పుడు సస్పెండ్ చేసిన?"

"చేయలే సార్."

"మరి ఎత్తేయుమని రిజిస్ట్రీ వచ్చింది. వెనకొకటి అయిపోయిందట, ముంగటింకోటి ఉన్నదట. నాకు తెల్వకుండ నా సంతకం ఎవడు వెడుతుండు ఈ డిపోల?"

అంతవరకూ బాగానే ఉంది. తర్వాత జ్వరం దగ్గరికి వచ్చాడు. సెలవు చీటీలు రెండూ తెప్పించి పక్కపక్కన పెట్టాడు. "ఒక్కటే తారీకు, ఒక్కటే జెరం. డ్రైవరుకొచ్చినంక కండక్టరు జెరానికి గూడ టికెట్ కొట్టిండా ఏంది?" బయట క్లర్కులు నవ్వారు. నర్సింహన్న టోపీ చేతిలో పట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాడు. ముప్పై ఏళ్లలో ఆయనకు ఒక్క మెమో లేదు. ఇప్పుడు వచ్చింది. నాకూ వచ్చింది. పైగా ఫిబ్రవరి పదహారున ఇద్దరికీ ఆదివారం డ్యూటీ వేశాడు. ఆ రోజు ఎవరికి జ్వరం వచ్చినా తానే థర్మామీటరు తెస్తానన్నాడు.

వచ్చే ర్యాలీ మళ్లీ వచ్చే ఏడే. అప్పటికి నర్సింహన్న షోలాపూర్‌లో మనవళ్లను బడికి దింపుతుంటాడు.

బయటికి వచ్చాక కారు తాళంచెవి నా చేతిలో పెట్టాడు. "పోనీ తీయ్ బాలరాజ్. మీ అక్క మన మంచికే రాసింది" అన్నాడు. నిన్ను ఒక్క మాట అనలేదు. ఆయన అనలేదు కాబట్టే నాకు నీ మీద అంత కోపం వచ్చింది. ఫోన్ అనేది ఎందుకు కనిపెట్టారో ఒక్కసారి ఆలోచించు అక్కా. నాలుగు రోజులు ఆగి, నన్నే అడిగితే పోయేది కదా!

ఈ నెల పన్ను ఇదే.

బాలరాజ్

*

నాగులవాగు
22 జనవరి 2025

బాలరాజూ,

నిన్న హైదరాబాద్ వచ్చి పోయాను. నీకు చెబితే ఆపుతావని చెప్పలేదు. మీ బావ పసుపు ఉడికించే పనిలో ఉన్నాడు, నన్ను లెక్కపెట్టే తీరిక లేదు.

తెల్లవారే బయల్దేరి మీ డిపోకు వెళ్లాను. మీరిద్దరూ బస్సు మీద ఉన్నారు. మంచిదైంది. మేనేజరు సారు గదిలోకి వెళ్లి నేను ఫలానా అనగానే ఆయన లేచి నిలబడ్డాడు. భయంతోనో మర్యాదతోనో తెలియదు. "అమ్మా, మల్ల రిజిస్ట్రీ ఏమన్న తెచ్చిన్రా?" అన్నాడు.

"లేదు సార్, మనిషినే వచ్చిన. తప్పు మా తమ్మునిది గాదు, నర్సింహన్నది అసలే గాదు. తప్పు ఆ మాటది. నౌకరి చేసెటోళ్ల ఇండ్లల్ల సస్పెన్షన్ అంటే ఏం యాదికొస్తది మీరే జెప్పుండ్రి. కారు స్ప్రింగులు యాదికొస్తయా?"

కుర్చీ చూపించాడు. మొదటి నుంచీ చెప్పాను. నువ్వు రాసిన రెండు ఉత్తరాలూ తీసి చదివాను, వెనకదీ ముందుదీ ఎత్తేసిందీ అన్నీ. హెడ్డును రుద్ది సాపు చేసిన దగ్గర ఆయన ఇక ఆపుకోలేకపోయాడు. కళ్లు తుడుచుకుని, "ఇందుల హెడ్డంటే మీరు నన్నే అనుకున్నరు గదా?" అన్నాడు. అవునన్నాను. అబద్ధం ఎందుకు?

తర్వాత నర్సింహన్న కోరిక చెప్పాను. అప్పుడు నవ్వలేదు.  "ఆ మనిషి నన్నొక్కసారి గూడ సెలవడుగలే. అడిగినా జెరం పేరు జెప్పి అడిగిండు" అన్నాడు. ఆయన మెమో అక్కడే చించేశాడు. నీది మాత్రం ఉంటుందట. అబద్ధం నీ బుర్రలో పుట్టిందని ఆయనకు ఎలా తెలిసిందో! ఇద్దరి వారపు సెలవు ఆ ఆదివారానికి మార్చాడు.

ఒక షరతు పెట్టాడు. "రేపు గీ ఇద్దరికి ఏమన్నయితే నా డిపో పేరు పోతది. ఇందుల మీరు తలవెట్టిన్రు గాబట్టి మీరే దగ్గరుండాలె. రోడ్డు పక్కకు నిలవడి కండ్లార చూడుండ్రి." సరేనన్నాను. కాబట్టి పదహారున నేనూ వస్తున్నాను.

నీ కోపం పోయిందా? పోకపోతే ఇంకో నెల ఉంచుకో, నాకేం పర్వాలేదు. తాళంచెవి మాత్రం ఆయనకు ఈరోజే ఇచ్చెయ్యి.

అక్క

*

దబీర్‌పురా
3 ఫిబ్రవరి 2025

రాజమణి అక్కకు,

కోపం నీ ఉత్తరం మొదటి పేజీలోనే పోయింది. తాళంచెవి ఇస్తే నర్సింహన్న చొక్కాకు తుడిచి జేబులో పెట్టుకున్నాడు. "మీ అక్క కాళ్లకు మొక్కాలె" అంటున్నాడు. ఆయనకన్నా నువ్వు చిన్నదానివని చెప్పినా వినడు.

నిన్న శంకర్‌పల్లి అవతల ఒక బండ్లబాట మీద కారును పరీక్ష పెట్టాం. ఇక నీకు అర్థమయ్యేటట్టు రాస్తాను. వెనక స్ప్రింగులు స్క్రాపు కింద పోయిన ఒక వ్యానువి, బరువు మోసే జాతి. కుదుపులు మింగే షాకులు కొత్తవి కొనలేక పాతవే విప్పి చిక్కటి నూనె పోయించాం. ఇంజను కడుపుకు రాళ్లు తగలకుండా ఇనప రేకు బిగించాం. అది బీరువాలు చేసే అతని దగ్గర మిగిలిన తలుపు. ఇంకా గులాబీ రంగు మీదే ఉంది. కింద పడుకుని చూస్తే కారుకు పట్టులంగా కట్టినట్టుంటుంది.

అంతా బ్రహ్మాండంగా పోతుండగా నేనొక ఘనకార్యం చేశాను. పక్కన కూర్చుని మలుపులు చెప్పడం నా పని కదా. ఒక చోట కుడికి తిరగాలి, తిరిగిన వెంటనే మళ్లీ కుడికి. కాగితం చూసి గట్టిగా అరిచాను, "రైట్! రైట్!"

ఇన్నేళ్లుగా నా నోట ఆ రెండు ముక్కలు వింటే నర్సింహన్న ఏం చేస్తాడు? గేరు వేసి సూటిగా పోనిస్తాడు. అదే చేశాడు. బాట కుడికి పోయింది, మేము జొన్నచేనులోకి పోయాం. "తిప్పన్నా, తిప్పు!" అంటే "రైట్ అన్నవు గదరా!" అంటాడు. గట్టెక్కి, గాల్లో లేచి, అవతలి గట్టు దిగి, చేను మధ్యలో నిలబడ్డాం. కారుకు ఒక్క మేకు కూడా ఊడలేదు. సస్పెన్షన్ పాసైంది అక్కా, నేను ఫెయిలయ్యాను.

చేను ఆసామి ఎల్లప్ప కట్టె పట్టుకుని ఉరికొచ్చాడు. "ఏందిరా బై, కారుతోని జొన్న కోస్తున్నరా?" సంగతంతా చెబితే కట్టె కింద పడేసి కూర్చుని నవ్వాడు. అయినా ఊరికే వదల్లేదు. వంగిన జొన్నంతా మాతోనే కోయించి పశువుల కొట్టం దాకా మోయించాడు. తళుకులకు తోడు ఇప్పుడు ఒళ్లంతా నూగు.

ఇకమీదట రైట్ అనే మాట నిషేధం. కుడి, ఎడమ. అంతే. రాత్రి నిద్రలో కూడా కుడి ఎడమ అంటున్నానని స్వరూప ఫిర్యాదు. పదహారున ఎనిమిదింటికల్లా రా. నువ్వు ఎక్కడ నిలబడాలో జగదీశ్వర్ చూపిస్తాడు.

బాలరాజ్

*

నాగులవాగు
18 ఫిబ్రవరి 2025

తమ్మీ,

ఆదివారం నీ మొహం చూసి, చెప్పకుండానే బస్సెక్కాను. నర్సింహన్న చెట్టు కింద ఒక్కడే కూర్చున్నాడు. దగ్గరికి పోవడానికి నాకు ధైర్యం చాలలేదు. రెండు రోజులుగా అన్నం సహించడం లేదు. నువ్వు ఏం రాస్తావోనని సంచి విప్పడానికి భయమేస్తోంది. అందుకే ముందు నా మాట నేను చెప్పుకుంటాను.

అవును, చెయ్యి ఎత్తాను. మీ కారు మలుపు తిరిగి దుమ్ము లేపుకుంటూ వస్తుంటే సంతోషం పట్టలేక ఊపాను. లోకంలో ఎవరైనా ఊపుతారు. ఆగమని కాదు! అది పోటీ అని నాకు తెలియదా? ఆయన సరిగ్గా నా ముందు, తలుపు నాకు ఎదురుగా వచ్చేటట్టు, ఒక్క కుదుపు లేకుండా ఆపాడు. ఆపి వంగి చూసి, "ఏడికమ్మా?" అన్నాడు. ఆయన నన్ను ముందెప్పుడూ చూడలేదు కాబట్టి పోనీ. నువ్వేం చేశావు? సొంత అక్కను పట్టుకుని, కాగితాల్లోంచి తల ఎత్తకుండా, "లోపలికి జరగాలె, లోపలికి జరగాలె" అన్నావు! లోపల సీటే లేదు కదరా!

నాకూ మతి పోయింది. "బోధన్" అన్నాను. "బోధన్ పోదమ్మా, అఫ్జల్‌గంజ్ దాకనే" అన్నాడాయన. వెనకొచ్చిన కారు హారన్ కొట్టుకుంటూ దాటిపోయిన తర్వాత గానీ ముగ్గురికీ తెలివి రాలేదు.

ఆఖరి నంబరు వచ్చిందని జగదీశ్వర్ చెప్పాడు. నంబరు పోతే పోయింది. ముప్పై ఏళ్లు ఎదురుచూసిన రోడ్డు ఆయనకు ఒక్కసారి దొరికింది. అందులోనూ నేనే అడ్డం వచ్చాను. మొదట ఉత్తరంతో, తర్వాత చేత్తో. నన్ను క్షమించమని ఆయనకు చెప్పు. నాకు రాయడానికి మొహం చెల్లడం లేదు.

రాజమణి

*

దబీర్‌పురా
23 ఫిబ్రవరి 2025

అక్కా,

ముందు అన్నం తిను. తర్వాత ఇది చదువు.

నా మొహం చూసి నువ్వు తప్పుగా అనుకున్నావు. నాకు నీ మీద కోపం కాదు, నర్సింహన్నకు ఏమైందో అర్థంకాక అలా ఉన్నాను. నువ్వు నిలబడ్డ మలుపుకు ముందు ఒక పొడుగాటి బాట వచ్చింది. ఎర్రమట్టి, రెండు పక్కలా పత్తి తీసేసిన చేలు, కనుచూపు మేర మనిషి లేడు. కుడి లేదు, ఎడమ లేదు, నాకు చెప్పడానికేమీ లేదు. మూడో గేరు, ఆ పైన టాప్. ముత్యాల పెద్దాయన చేసిన రంధ్రం పాట పాడుతోంది. ఎత్తించిన సస్పెన్షన్ మీద ఊగే తొట్టెలలో పోతున్నట్టు పోతున్నాం. ఇప్పుడు ఆయన మొహం ఎలా వెలుగుతుందో చూద్దామని తిరిగి చూస్తే, చెమటలు పట్టి ఉంది. స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు.  ఆ తర్వాతే నీ చెయ్యి కనిపించింది.

పోటీ అయ్యాక వికారాబాద్ నుంచి దబీర్‌పురా దాకా నేనే నడిపాను. కారు గల్లీలో పెట్టి, స్వరూప ఇచ్చిన చాయ్ తాగుతూ, ఆ సోఫా మీద కూర్చుని అప్పుడు చెప్పాడు. ఆయన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను, నేను కలిపిందేమీ లేదు:

"రోడ్డు మొత్తం ఖాళీ ఉండె బాలరాజ్. గిదే గదా నేనడిగింది. కానీ పాణం గుబగుబ అయింది. తప్పు రోడ్డుకొచ్చిన్నా, టైముగాని టైముకొచ్చిన్నా అనిపిచ్చింది. అద్దంల చూస్తే వెనక సీట్లు లేవు, ముంగట చూస్తే మనిషి లేడు. ఎవల కోసం తోలుతున్న మరి? గప్పుడు మీ అక్క చెయ్యెత్తింది. ఎంత నిమ్మళమయిందో చెప్పలేను. కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది. ముప్పై ఏండ్లు అందరు అడ్డమొస్తున్నరని తిట్టుకున్న. వాళ్లు అడ్డం రాలే. నా బండి ఎక్కెటందుకొచ్చిన్రు."

చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను. స్వరూప లోపలికి వెళ్లిపోయింది.

కాబట్టి నువ్వు క్షమాపణ అడగాల్సిన పనిలేదు. కారులో సీటు మళ్లీ బిగించమంటున్నాడు, మనుషులు కూర్చోకుంటే అది బండే కాదట. సోఫా పోతుందని స్వరూప మళ్లీ అలిగింది.

వచ్చే శుక్రవారం ఆయన ఆఖరి డ్యూటీ. పొద్దున చార్మినార్ నుంచి మొదటి ట్రిప్పు. ఎన్ని పనులున్నా ఆ రోజు రా అక్కా. డిపో దగ్గరికి కాదు, స్టాపుకు రా. జనంలో నిలబడి చెయ్యెత్తు. ఆయన ఆపుతాడు. ఎక్కి కూర్చో, నీకు టికెట్ నేను కొడతాను.

బాలరాజ్